పెన్సిలు, దాని తలమీద రబ్బరు

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు రాలేదని మొహం మాడ్చుకుని కూర్చుని ఉంటావని తెలుసు. బద్ధకం కాదురా, రెండో సెమిస్టర్ మొదలైన దగ్గర్నుంచి ఊపిరాడటం లేదు. వారానికి ఆరు తీర్పులు చదవాలి. ఒక్కోటి ఎనభై పేజీలు, వంద పేజీలు. మొదట్లో మొదటి పేజీ నుంచి చివరి దాకా అక్షరం వదలకుండా చదివేవాణ్ణి, క్లాసులో ప్రశ్న వేస్తే నోరు పెగిలేది కాదు. ఇప్పుడు తెలివి మీరాను. ముందు ఎవరు గెలిచారో చూస్తాను, ఆ తర్వాత ఏ ఒక్క ముక్క దగ్గర గెలిచారో వెతుకుతాను. సగం పేజీలు అలాగే ఎగిరిపోతాయి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ ఉత్తరాన్ని ఫొటో తీసి గ్రూపులో పడేయకు. పోయినసారి నేను రాసిన రెండు పేజీలూ పెట్టి అందర్నీ నవ్వించావు. ఈసారి నా దగ్గర దానికి మందు ఉంది. చివర్లో చెబుతా.

నువ్వు రెండు విషయాలు అడిగావు. ఉద్యోగం మానేసి నువ్వూ ఈ మేధో హక్కుల (పేటెంట్లు, కాపీరైట్లు, ట్రేడ్‌మార్కులు) చదువులోకి రావొచ్చా అన్నది ఒకటి. "నా ఐడియాకి కాపీరైట్ చేయించిపెట్టు" అన్నది రెండోది. రెండోది చదివి పగలబడి నవ్వాను. అయినా నిన్ననేదేముంది, ఏడాది కిందట నేనూ సరిగ్గా ఇలాగే మాట్లాడేవాణ్ణి. పేరుకు కాపీరైట్, మిషన్‌కు కాపీరైట్, అన్నిటికీ కాపీరైట్. ఆ పొరపాటు ఎలా వదిలిందో చెబుతా విను.

మా పేటెంట్ల ప్రొఫెసర్ మొదటి డ్రాఫ్టింగ్ క్లాసులో, అంటే పేటెంట్ కాగితాలు రాయడం నేర్పే క్లాసులో, జేబులోంచి ఒక పెన్సిలు తీసి బల్లమీద పెట్టాడు. మామూలు పెన్సిలే, తలమీద గులాబీరంగు రబ్బరు. "ఇలాంటిది లోకంలో ఎవరూ ఇంతవరకు చూడలేదనుకోండి. దీనికి క్లెయిమ్ రాయండి. ఇరవై నిమిషాలు" అన్నాడు. పేటెంట్ కాగితాల్లో బొమ్మలు, వివరణ ఎన్ని పేజీలున్నా, చివర్న నంబర్లు వేసి రాసే క్లెయిములే అసలు ఆస్తి. పొలం దస్తావేజులో నాలుగు హద్దులు రాస్తారే, అలాంటివన్నమాట. ఎంత పొడుగైనా సరే, ఒక్కో క్లెయిమ్ ఒకే వాక్యంలో ముగియాలి. అది ఆనవాయితీ.

నేను రాసింది ఇది: "చెక్కతో చేసిన ఆరు పలకల పెన్సిలు, దాని ఒక చివర లోహపు పట్టీతో బిగించిన రబ్బరు." రాసేసి, అయిదు నిమిషాల్లో అయిపోయిందని చేతులు కట్టుకుని కూర్చున్నా కూడా. ఆయన దాన్ని పైకి చదివి, "ఆరు పలకలా? నేను గుండ్రంగా చేస్తాను. చెక్కా? ప్లాస్టిక్‌తో చేస్తాను. పట్టీ దేనికి, జిగురుతో అంటిస్తాను. ఇప్పుడు నన్నేం చేస్తావు?" అన్నాడు. ఏం చేస్తాను, నా మొహం! ఎదురుగా కనిపించిందాన్ని వర్ణించి ఊరుకున్నాను గానీ హద్దు గీయలేదు.

రోషమొచ్చి మళ్లీ రాశాను: "రాసే సాధనం, దానికి తగిలించిన చెరిపే సాధనం." ఈసారి ఆయన నవ్వాడు. "భేష్. మరి బలపానికి తడిగుడ్డ కట్టుకుని బడికెళ్లిన పిల్లాడు నీకంటే ముందే ఉన్నాడు కదా?" క్లాసంతా ఘొల్లుమంది. పేటెంట్ అడిగే వస్తువు కొత్తదై ఉండాలి. వల మరీ పెద్దది వేశామంటే అందులో పాతవి కూడా పడతాయి, పడితే క్లెయిమ్ మొత్తం చెల్లకుండా పోతుంది. మరీ చిన్నది వేస్తే పక్కవాడు దర్జాగా పక్కనుంచి నడిచి వెళ్లిపోతాడు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికే మాకు ఆ సెమిస్టరంతా సరిపోయింది.

అసలు సంగతి గంట కొట్టే ముందు చెప్పాడాయన. ఇది ఉత్తుత్తి కథ కాదట. పెన్సిలు చివర రబ్బరు పెట్టినందుకు హైమన్ లిప్‌మన్ అనే అతను 1858లో అమెరికాలో నిజంగానే పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని రెకెన్‌డార్ఫర్ అనే ఆయన పెద్ద మొత్తానికి కొనుక్కుని, పెన్సిళ్ల కంపెనీ ఫేబర్ మీద కేసు వేశాడు. 1875లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పేటెంట్ చెల్లదు పొమ్మంది. పెన్సిలు తన పని తాను చేసుకుంటోంది, రబ్బరు తన పని తాను చేసుకుంటోంది, రెండూ కలిసి కొత్తగా సాధించిందేమీ లేదు, రెండు పాత వస్తువుల్ని ఒకచోట చేర్చినంత మాత్రాన కొత్త ఆవిష్కరణ అయిపోదు అని దాని సారాంశం. అంటే మేం ఇరవై నిమిషాలు తలలు బద్దలు కొట్టుకుంది ఎప్పుడో చచ్చిపోయిన పేటెంట్ కోసం. ఆ రోజు రూముకొచ్చి చాలాసేపు నా పెన్సిలు వంకే చూస్తూ కూర్చున్నా.

ఆ తర్వాత చదివినవన్నీ నాకు ఆ పెన్సిలు కథలాగే కనిపిస్తున్నాయి. విండ్‌సర్ఫింగ్ తెలుసు కదా, పలక మీద తెరచాప పెట్టుకుని నీళ్లమీద జారే ఆట. దాని పేటెంట్ ఉన్న కంపెనీ ఇంగ్లండ్‌లో కేసు వేసింది. అవతలివాళ్లు ఒక పాత సంగతి తవ్వి తీశారు. 1958లో పన్నెండేళ్ల కుర్రాడొకడు హేలింగ్ దీవి దగ్గర సొంతంగా ఒక పలక చేసుకుని, దానికి తెరచాప కట్టి ఆడుకున్నాడు. పేటెంట్‌లో చెప్పిన పట్టుకర్ర వంపు తిరిగి ఉంటుంది, కుర్రాడిదేమో తిన్నటి కర్ర. కానీ గాలి పట్టగానే అదీ వంగేది! అప్పీలు కోర్టు 1985లో పేటెంట్ కొట్టేసింది. వాడేదో వేసవిలో సరదాగా ఆడుకున్న ఆట అంత పెద్ద కంపెనీని ముంచింది. ఈ కేసు చదివిన రోజు నాకు పండగే.

ఇంకోటి, నీకు మరీ నచ్చేది. ఎపిలేడీ అని వెంట్రుకలు పీకే పరికరం. క్లెయిమ్‌లో "మెలితిరిగిన స్ప్రింగు" అని రాసుకున్నారు. రెమింగ్టన్ వాళ్లు స్ప్రింగు తీసేసి, గాట్లు పెట్టిన రబ్బరు కడ్డీ వాడారు. పని అదే, పీకడమూ అదే. ఒకే యూరోపియన్ పేటెంట్ మీద ఇంగ్లండ్ కోర్టు ఉల్లంఘన కాదంది, జర్మనీ కోర్టు ఉల్లంఘనే అంది. స్ప్రింగు అన్నప్పుడు స్ప్రింగేనా, స్ప్రింగులా పనిచేసే ఏదైనానా? దీని మీద మా సెమినార్ రెండు గంటలు నడిచింది. అందరం గొంతులు పోగొట్టుకున్నాం. ఎవరి అభిప్రాయమూ మారలేదనుకో.

కాపీరైట్ దగ్గరికొస్తే వ్యవహారం వేరు. ఇక్కడ కొత్తదనం అక్కర్లేదు, నీ చేతినుంచి రావాలి అంతే. లండన్ యూనివర్సిటీ లెక్కల పరీక్ష పేపర్లకు కూడా కాపీరైట్ ఉందని 1916లోనే ఇంగ్లండ్‌లో తేల్చారు. ప్రశ్నలు పాత తరహావే కావచ్చు, అయినా పరీక్షకులు ఎవరినీ చూసి రాయలేదు కాబట్టి అవి వాళ్లవే. మనల్ని ఏడిపించిన పేపర్లకు ఇంత మర్యాదా అనిపించింది. అదే 1991లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక టెలిఫోన్ డైరెక్టరీ వచ్చింది. అది తయారుచేసిన కంపెనీ తెలివిగా అక్కడక్కడ లేని మనుషుల పేర్లు ఇరికించింది. కాపీ కొట్టినవాళ్లు, పాపం, వాటిలో నాలుగింటిని కూడా ఎత్తుకుపోయారు. దొంగతనం అడ్డంగా దొరికిపోయింది. అయినా కాపీ కొట్టినవాళ్లే గెలిచారు! పేర్లు అక్షరక్రమంలో పేర్చడానికి కష్టం పడి ఉండొచ్చు, కానీ కష్టపడ్డంత మాత్రాన కాపీరైట్ రాదు, పిసరంతైనా సృజన ఉండాలి అన్నారు. నాకు ఈ తీర్పు ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు. కష్టపడ్డవాడి నోట్లో మట్టి కొట్టినట్టుంటుంది. కానీ రేపు ఎవడో ఒకడు ఊరందరి ఫోన్ నంబర్లూ నావే అంటే? అందుకని నోరు మూసుకున్నా.

ట్రేడ్‌మార్కుల గురించి పెద్దగా రాయను. నాకు అవి అంతగా ఎక్కలేదు. ఇంగ్లండ్‌లో ఒకటో నంబరు ట్రేడ్‌మార్కు 1876లో ఒక బీరు కంపెనీ ఎర్ర త్రికోణానికి దక్కింది, రెన్యూ చేసుకుంటూ పోతే ట్రేడ్‌మార్కుకు చావు లేదు. నీకు ఈ రెండు ముక్కలు చాలు.

ఒక అవమానం కూడా చెప్పాలి, దాచుకుంటే నాకే అరగదు. మొదటి సెమిస్టర్ వ్యాసంలో ఒకాయన వాదనను నా మాటల్లో తిప్పి రాసి, ఆయన పేరు పెట్టలేదు. మాటలు నావే కదా, కాపీరైట్ ఉల్లంఘన ఎలా అవుతుందని నా ధీమా. మేడమ్ పిలిచి, "కాపీరైట్ కోణంలో నువ్వు సేఫ్. కానీ ఇది ప్లేజియరిజం. సున్నా" అంది. రెండూ వేర్వేరురా. రచయిత పేరు పెట్టినా సరే, అడక్కుండా ఆయన పుస్తకం మొత్తం అచ్చేస్తే చట్టం ఊరుకోదు. పేరు పెట్టకుండా ఆలోచన ఎత్తుకొస్తే చట్టం పట్టించుకోదు గానీ యూనివర్సిటీ ఊరుకోదు. మేధో హక్కులు చదువుతూ ఈ తేడా సున్నా మార్కులతో నేర్చుకున్న ఘనుణ్ణి నేను.

అన్నిటికంటే నన్ను కుదిపింది మందుల సెమినార్. 1995లో అమల్లోకొచ్చిన ట్రిప్స్ ఒప్పందం ప్రపంచ వాణిజ్య సంస్థలోని దేశాలన్నీ మందులతో సహా అన్ని రంగాల్లోనూ పేటెంట్లు ఇవ్వాలంది, గడువు దరఖాస్తు నుంచి కనీసం 20 ఏళ్లు. మరీ పేద దేశాలకు మాత్రం వాయిదా ఉందిలే. 2001లో దోహాలో, ప్రజల ఆరోగ్యం కోసం దేశాలు బలవంతపు లైసెన్సులు (పేటెంట్ ఉన్నవాడు ఒప్పుకోకపోయినా వేరేవాళ్లు మందు చేసుకోవడానికి అనుమతి) ఇవ్వొచ్చని అందరూ ఒప్పుకున్నారు. నోవార్టిస్ అనే మందుల కంపెనీ కేసులో భారత సుప్రీంకోర్టు 2013లో గ్లివెక్ అనే కేన్సర్ మందు కొత్త స్ఫటిక రూపానికి పేటెంట్ ఇవ్వనంది. శరీరంలోకి 30 శాతం ఎక్కువగా చేరుతుందని కంపెనీ చూపించింది, కానీ అంతమాత్రాన జబ్బు ఎక్కువ నయమవుతుందని రుజువు కాదంది కోర్టు. నన్ను కంపెనీ తరఫున వాదించమన్నారు. నాకేమో పట్టరాని కోపం. మూడు రోజులు చదివాక, వాళ్ల వాదనలో కూడా పస ఉందని తెలిసి ఇంకా కోపమొచ్చింది. నా పక్కన కూర్చునేది ఫార్మసీ చేసి ఆ తర్వాత లా చదివినామె. తనను పేషెంట్ల తరఫున వేశారు. అయిపోయాక ఇద్దరం ఒకరి నోట్సు ఒకరం అడిగి తీసుకున్నాం.

డిసర్టేషన్ కథ కూడా వినేయ్. అందరిలాగే నేనూ "ఏఐ, కాపీరైట్" అని ఇచ్చాను. "ఏ దేశం? ఏ చట్టం? ఏ సెక్షన్?" అని మూడు ప్రశ్నలు రాసి వెనక్కి పంపేశారు. క్లాసులో సగంమందికి అదే గతి. ఇప్పుడు విడిభాగాల మీద రాస్తున్నా. కారు పాడైతే దాని ఎగ్జాస్ట్ పైపు వేరే కంపెనీ చేసి అమ్మొచ్చా అని. బ్రిటిష్ లేలాండ్ కేసులో 1986లో, అప్పట్లో అక్కడి పై కోర్టుగా ఉన్న ఇంగ్లండ్ పెద్దల సభ, కొన్న కారును రిపేరు చేయించుకునే హక్కు యజమానికి ఉంటుందని, పైపు నమూనా గీసిన బొమ్మల మీద ఉన్న కాపీరైట్‌తో దాన్ని అడ్డుకోలేరని చెప్పింది. చూడటానికి చప్పగా ఉంది కదా? కానీ నువ్వు పగలగొట్టుకున్న ఫోన్ స్క్రీన్ దాకా లాగొచ్చు దీన్ని.

ఇక నీ ప్రశ్నలు. నీది ఇంజనీరింగ్, ఎల్‌ఎల్‌ఎంకేమో (లాలో మాస్టర్స్) చాలాచోట్ల లా డిగ్రీ అడుగుతారు. లా లేనివాళ్ల కోసం వేరే మాస్టర్స్, డిప్లొమాలు ఉన్నాయి, వాటి సిలబస్ ముందు చూడు. డ్రాఫ్టింగ్ పేపర్ లేకపోతే అటు వెళ్లకు. ఇంకోటి, ఈ డిగ్రీ చేతికి రాగానే పేటెంట్ ఏజెంట్‌వి, అంటే ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు నడిపేవాడివి, అయిపోవు. చాలా దేశాల్లో దానికి వేరే పరీక్ష ఉంది, దానికి సైన్సో ఇంజనీరింగో కావాలి. అక్కడ నీకు దారి ఉంది, నాకు లేదు. నాకు కొంచెం కుళ్లుగానే ఉంది. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. ఏవైనా రెండు పేటెంట్లు తెరిచి క్లెయిములు చదువు. నిద్ర రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఐడియా సంగతంటావా, ఉత్త ఐడియాకి కాపీరైట్ ఉండదురా. నువ్వు చెప్పింది పరికరం కాబట్టి పేటెంట్ దారి. దాన్ని వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టబోతున్నానని రాశావే, ఆ వేలు అక్కడే ఆపు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది గానీ, యూరప్‌లో అయితే నీ వీడియోనే నీ పేటెంట్‌ను చంపుతుంది. ముందు ఒకచోట దరఖాస్తు పెడితే, 1883 నాటి పారిస్ ఒప్పందం పుణ్యాన మిగతా దేశాలకు 12 నెలల టైముంటుంది. ప్రపంచమంతటికీ ఒకే పేటెంట్ అంటూ ఎవడైనా అమ్మజూపితే వాణ్ణి గుమ్మంలోంచే పంపించెయ్. అలాంటిది లేదు. బొమ్మ గీసి నాకొక్కడికే పంపు, దానిమీద "రహస్యం" అని రాయి. పెన్సిలుతో గీసినా పర్లేదు.

చివర్లో చెబుతానన్న మాట. కవి అలెగ్జాండర్ పోప్ ఉత్తరాలను కర్ల్ అనే పబ్లిషర్ ఆయన్ను అడక్కుండా అచ్చేశాడు. పోప్ కోర్టుకెక్కాడు. 1741లో జడ్జి ఏమన్నాడంటే, ఉత్తరం అందుకున్నవాడికి మహా అయితే ఆ కాగితం మీద హక్కు ఉంటుంది, దాన్ని అచ్చేయించే హక్కు మాత్రం రాదు అని. కాబట్టి మామా, ఈ కాగితాలు నీవి. దాచుకో, చింపుకో, పడవ చేసుకో. గ్రూపులో పెడితే మాత్రం నా మొదటి కేసు నీమీదే.

నీ
వాడినే