పగలగొట్టి తూకానికి వేస్తున్న వైస్‌లు

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో బోరు మోటార్లు రిపేరు చేసి బతుకుతున్నాను. మొన్న వేసవిలో ఒక పాత ఇనుము అంగడిలో ఆరంగుళాల బెంచ్ వైస్ కనబడింది. పని చేసే ఇనుప ముక్క కదలకుండా రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే సాధనం అది, బల్లకు బోల్టులతో బిగిస్తారు. మూతబడిన జిన్నింగ్ మిల్లుదట. కిలో 40 రూపాయల లెక్కన 26 కిలోలకు 1,040 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్నాను. దాని పక్కనే ఇంకో రెండు వైస్‌లను లారీలో సర్దడానికి వీలుగా సమ్మెటతో పగలగొట్టి పడేశారు. ఆ ముక్కలు చూసి కడుపు తరుక్కుపోయింది. అందుకే ఈ ఉత్తరం.

ముందు పగుళ్లు ఉన్నాయేమో చూశాను. డీజిల్ పూసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దముక్క రుద్దాలి. పగులు ఉంటే అందులో దిగిన డీజిల్ ఊరి, సుద్ద మీద సన్నటి తడిగీత పడుతుంది. నాదానికి పడలేదు. పడి ఉంటే నేనూ వదిలేసేవాణ్ణే. వైస్ పోత ఇనుముది, దాన్ని మామూలు రాడ్‌తో వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే మళ్లీ చిట్లుతుంది.

హ్యాండిల్ తిప్పితే దవడను ముందుకూ వెనక్కీ కదిలించే మర బిగుసుకుపోయింది. హ్యాండిల్‌కు పైపు తొడిగి తిప్పమన్నాడు మా కుర్రాడు. నేను ఒప్పుకోలేదు, నట్టు పగిలితే మొత్తం పోతుంది. నాలుగు రోజులు డీజిల్‌లో నానబెట్టి, రోజూ చెక్క సుత్తితో మెల్లగా తడుతూ పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పాను. ఐదో రోజు కదిలే జా, అంటే కదిలే దవడ, బయటికి జారింది. లోపల ఎండిన గ్రీజూ ఇనుపరజనూ కలిసి తారులా గట్టిపడి ఉన్నాయి. వాషర్ వెనక, అది జారిపోకుండా ఆపే స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట ఎవరో మేకు వంచి పెట్టారు. మర వదులు చేసినా జా వెనక్కి రాకపోవడానికి అదే కారణం. ఆ చిన్న పిన్ను మార్చక పెద్ద వస్తువును తూకానికి వేశారు!

జా ప్లేట్లు కొత్తవి బిగించాను. మరలో పావు చుట్టు లూజు మిగిలింది, బిగింపుకు దానివల్ల నష్టం లేదు. పొడవాటి పైపు నిలువుగా కిందికి దిగేలా కదలని జాను బల్ల అంచుకు కాస్త బయటికి పెట్టి, మోచేతి ఎత్తులో బోల్టులు వేశాను. ఇప్పుడు రోజూ పంపు షాఫ్టులు దాంట్లోనే పట్టిస్తున్నాను.

నేను 1987లో ఐటీఐ ఫిట్టర్ ట్రేడులో చేరినప్పుడు మొదటి నెలలన్నీ వైస్ ముందు ఆకురాయితోనే గడిచాయి. ఆ చదువు చదివిన పిల్లలు ఈరోజు సొంతంగా చిన్న షెడ్డు వేసుకోవాలంటే మంచి వైస్ కొనడానికే వెనకాడుతున్నారు. ఐటీఐలు, కాలేజీ వర్క్‌షాపులు పాత వైస్‌లను తుక్కు కింద వేలం వేసేముందు ఒక్కసారి పిల్లల చేత విప్పించాలని అధికారులను కోరుతున్నాను. పగుళ్లు లేనివాటిని ప్రాక్టికల్ పనిగా వాళ్లతోనే బాగుచేయించి, కోర్సు పూర్తయ్యాక తుక్కు ధరకే వాళ్లకు ఇవ్వొచ్చు.

ఎవరైనా పిల్లలు తుప్పు పట్టిన వైస్ తెచ్చుకుంటే ఆదివారాలు నా షెడ్డులో దగ్గరుండి విప్పి చూపిస్తాను. డీజిల్, వైర్ బ్రష్ నావే.

— ఒక బోరు మోటార్ల మెకానిక్, అనంతపురం