బిజినెస్ చదువుల స్కాలర్‌షిప్‌లకు అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

బెంగళూరులో బీబీఏ, బీకామ్, ఎంబీఏ చదువుతున్న మన తెలుగు పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులకు ఈ ఏడాది సాయపడిన పెద్దలందరికీ మా సహాయ బృందం తరఫున మనస్ఫూర్తిగా నమస్కారాలు. ఎవరెవరు ఏ పని చేశారో, అదెంత అవసరమైందో వివరంగా రాస్తున్నాం. వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుంది.

ముందుగా రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారికి. స్కాలర్‌షిప్ మంజూరైనా డబ్బు ఎందుకు పడదో ఆయన ఒక్కొక్కరి పాస్‌బుక్ చూసి చెప్పారు. కేవైసీకి, అంటే ఖాతాదారు గుర్తింపు పరిశీలనకు, ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ సొమ్ము నేరుగా పడేలా ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే జాబితాలో) ఖాతాకు ఆధార్ సీడింగ్, అంటే అనుసంధానం, చేయించడం వేరు. రెండు మూడు ఖాతాలుంటే, చివరగా సీడింగ్ అయిన దాంట్లోకే డబ్బు వెళ్తుంది. అది ఏ బ్యాంకో ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే తెలుస్తుంది. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన ‘స్మాల్ అకౌంట్’ అయితే మరో చిక్కు. అందులో ఏడాది జమలన్నీ కలిపి లక్ష రూపాయలు దాటకూడదు, ప్రభుత్వ గ్రాంట్లు, సంక్షేమ సొమ్ము జమ అయినప్పుడు తప్ప నిల్వ 50,000 మించకూడదు. ట్రస్టులు, కంపెనీలు ఇచ్చే పెద్ద మొత్తం ఒకేసారి వస్తే అక్కడే ఆగిపోవచ్చు. బ్రాంచికి వెళ్లి పూర్తి కేవైసీ ఇచ్చి మామూలు పొదుపు ఖాతాగా మార్పించుకోండి.

పేర్ల తంటా మన పిల్లలకు మరీ ఎక్కువ. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాన్‌లో చివరికి పోతుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది. పోర్టల్ దృష్టిలో వీళ్లు ముగ్గురు మనుషులు. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోగలం కాబట్టి, టెన్త్ మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాకే మార్పించిన అక్కలిద్దరికీ ధన్యవాదాలు. ఊళ్లో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి ఆదాయ ధ్రువపత్రాలు పంపిన అమ్మానాన్నలకు కూడా.

కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ గురించి కాలేజీ లెక్చరర్లు చెప్పిన మాట చాలామందికి దారి చూపింది. దానికి కావాల్సింది ఇంటర్‌లో 80 శాతం మార్కులు కాదు, మీ బోర్డులో 80వ పర్సంటైల్ పైన ఉండటం, అంటే నూటికి 80 మంది కన్నా ఎక్కువ మార్కులు రావడం. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 ఇస్తారు. అయితే అది తీసుకుంటూ మరో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. యూనివర్సిటీ ఇచ్చే ఫీజు రాయితీ అంతకన్నా పెద్దదైతే, ఏది ఉంచుకోవాలో ముందే తేల్చుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద సాయం బిజినెస్ ప్లాన్ దగ్గర అందింది. వ్యాపారం పెట్టాలనుకునే విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో ప్లాన్ కూడా అడుగుతారు. చార్టర్డ్ అకౌంటెంట్ గారు ఆదివారాలు మాకోసం కేటాయించి, ప్రతి ప్లాన్‌నూ ఒక పేజీ లెక్కకు కుదించారు. ఆవకాయ అమ్మకంతో ఆయన చూపిన ఉదాహరణ ఇది. అరకిలో సీసా ధర 220 అనుకుందాం. సరుకులు 95, సీసా, మూత, లేబుల్ 22, డెలివరీ 35. మిగిలేది 68. గది అద్దె, కరెంటు, మీ సొంత కష్టానికి కట్టుకున్న జీతం కలిపి నెలకు 13,600 అయితే, 200 సీసాలు అమ్మితే ఖర్చులు గట్టెక్కుతాయి. కానీ వందలో మూడు గాజు సీసాలు దారిలో పగిలితే ఆ నష్టం మిగతా 97 మీద పడి, సీసాకు మిగిలేది 63 చిల్లరకు దిగుతుంది. అప్పుడు 215 అమ్మాలి. ఇంటర్వ్యూలో “మీ జీతం ఎందులో ఉంది? పగిలినవి ఎక్కడ రాశారు?” అనే రెండు ప్రశ్నలకే చాలా ప్లాన్లు కూలిపోతాయి.

ఇంకో సంగతి కూడా ఆయనే పట్టుకున్నారు. ఆవకాయ ఏడాది పొడవునా అమ్ముడవుతుంది, పచ్చి మామిడికాయ మాత్రం ఎండాకాలంలోనే దొరుకుతుంది. మామిడి, నూనె, కారం, ఆవపిండి అన్నీ ఆ కొద్ది వారాల్లోనే కొనాలి. కొనుగోళ్లను పన్నెండు నెలలకు సమానంగా పంచి రాస్తే కాగితం మీద లాభం కనిపిస్తుంది, మే నెలలో చేతిలో డబ్బు ఉండదు. అందుకే లాభనష్టాల పట్టిక పక్కన నెలవారీ నగదు పట్టిక తప్పనిసరిగా పెట్టించారు. మా లెక్కన, ఎంపికైన దరఖాస్తులకు బలం ఆ పట్టికే.

ఐఐఎం బెంగళూరులోని ఎన్‌ఎస్‌ఆర్‌సీఈఎల్ వంటి ఇంక్యుబేటర్లకూ (కొత్త వ్యాపారాలకు తొలి దశలో తోడ్పడే కేంద్రాలకూ) స్కాలర్‌షిప్‌లకూ తేడా చెప్పిన స్టార్టప్ అన్నలకు ప్రత్యేక ధన్యవాదాలు. స్కాలర్‌షిప్ మీ చదువుకు. యంత్రాలు, సరుకు కొనడానికి పెట్టుబడి కావాలంటే వేరే తలుపు తట్టాలి. 2021లో నాలుగేళ్లకని మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌ను ఇంక్యుబేటర్ల ద్వారా గరిష్ఠంగా 20 లక్షల గ్రాంటు ఇచ్చేలా పెట్టారు, కానీ దానికి కంపెనీకి డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల విభాగం) గుర్తింపు ఉండాలి. ఫీజు సాయం ఫారంలో గ్రైండర్ ధర రాస్తే దరఖాస్తు పక్కన పడుతుంది.

చివరగా, హాజరు పత్రాలు, మార్కుల జాబితాలు అడిగిన రోజే ఇచ్చిన కాలేజీ ఆఫీసు సిబ్బందికి. సెంట్రల్ సెక్టార్ రెన్యువల్‌కు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. ఆ పత్రాల పని వాళ్లు ఇప్పటికే మొదలుపెట్టారు.