ఆ ఫోటో గురించి, మూత లేని బోర్ల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆదివారం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫోటో నాకూ వచ్చింది. మన తొమ్మిదో తరగతి పిల్లలు యూనిఫాంలో, ఫోన్లు పట్టుకుని, ఒక చేన్లో ఎండిపోయిన బోరు దగ్గర నిలబడి ఉన్న ఫోటో. "చదువుకోమని పంపితే సెల్లు చేతికిచ్చి బోరు గుంతల దగ్గరికి తీసుకుపోతారా" అని చాలామంది ఫోన్ చేశారు, ఒకాయన ఆఫీసుకే వచ్చి గట్టిగా అడిగారు. అడగాల్సిందే, పిల్లల విషయంలో టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. అందుకే సంగతంతా రాస్తున్నాను.

ఆ ఫోన్లు పిల్లలవి కావు, మా టీచర్లవి. దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫోటో కాబట్టి పిల్లలు గుంత అంచున ఉన్నట్టు కనిపిస్తోంది కానీ, మధ్యలో తాడు కట్టి ఉంది, ఆ తాడు దాటి మా సైన్సు సారు తప్ప ఎవరూ వెళ్లలేదు. బుక్కరాయసముద్రం మండలంలోని ఆ పల్లెకు వెళ్లింది సమాజ సేవ ప్రాజెక్టు కోసం. మూత లేకుండా వదిలేసిన బోర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్‌లో జీపీఎస్‌తో గుర్తించి, మ్యాపు మీద పెట్టి, ఆ ఊరి గ్రామ సచివాలయంలో ఇవ్వడం వాళ్ల పని. ఎవరి పొలంలో, ఏ దారి పక్కన, కేసింగ్ (బోరు గోడలు కూలకుండా లోపల దింపే పైపు) ఉందా లేదా, ఇళ్లకు ఎంత దూరం, అన్నీ రాసుకున్నారు.

ఈ పనే ఎందుకంటారా? మన అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. శెనక్కాయ పంట కాపాడుకోవడానికి అప్పు చేసి బోరు వేయిస్తాం, అందులో నీళ్లు పడకపోతే ఇంకొకటి వేయిస్తాం. నీళ్లు పడని బోరులోంచి కేసింగ్ పైపు పీకి పక్క బోరుకు వాడుకుంటారు, ఆరున్నర అంగుళాల గుంత మాత్రం అలాగే మిగిలిపోతుంది. దాని మీద ఒక గోనెసంచి, సంచి మీద ఒక రాయి. వానకు సంచి చీకిపోతుంది, చుట్టూ గడ్డి పెరుగుతుంది, అక్కడ గుంత ఉందని వేయించిన రైతుకే గుర్తుండదు. రెండేళ్ల పిల్ల ఆడుకుంటూ అటు వెళ్తే? 2006లో హర్యానాలో ఒక ఐదేళ్ల బాబు బోరులో పడితే రెండు రోజులు దేశమంతా టీవీల ముందు కూర్చుంది, ఆ బాబు బతికాడు. ఆ తర్వాత పడిన ఎందరో పిల్లలు బతకలేదు. 2010లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బోరు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, కేసింగ్ మీద ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయాలి లేదా బోల్టులతో గట్టి మూత బిగించాలి, వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలి అని. ఇందులో పెద్ద ఖర్చేముంది? బోరు వేయడానికి పెట్టిన డబ్బుతో పోలిస్తే మూత ఖర్చు ఒక లెక్కే కాదు. అయినా ఎవరూ చేయరు. మన పిల్లలు పట్టించుకున్నారు, దీన్ని ఆపమంటే నేను ఆపను.

ఒక అమ్మాయి గురించి చెప్పకుండా ఉండలేను (పేర్లు రాయను, ఆ ఫోటోతోనే చాలా అయింది). వేపచెట్టు కింద నిలబడితే మ్యాపులో చుక్క అటూ ఇటూ దూకుతోందని తనే కనిపెట్టింది. ఆకాశం బాగా కనిపించే చోటికి జరిగి, చుక్క చుట్టూ ఉన్న నీలం వలయం చిన్నదయ్యేదాకా (అది ఎంత చిన్నదైతే చోటు అంత కచ్చితం) ఆగి, అప్పుడు అక్షాంశం, రేఖాంశం నంబర్లు రాసుకుంది. సచివాలయంలో ఉద్యోగి 14.68, 77.60 అని రాసుకోబోతుంటే, "సార్, చుక్క తర్వాత రెండు అంకెలతో ఆపితే ఒక కిలోమీటరు తేడా వస్తుంది, అయిదు అంకెలు రాస్తే మీటరు లెక్కలో బోరు దగ్గరికే వెళ్లొచ్చు" అని చెప్పింది. లెక్కల క్లాసులో దశాంశాలంటే ఏడ్చిన అమ్మాయి! ఇంకో అబ్బాయి క్లాసులో నోరు విప్పడు. గుంత ఫోటో తీస్తే ఫైను వేస్తారని భయపడి ఒక తాత అడ్డం నిలబడితే, ఈ అబ్బాయి గట్టు మీద ఆయన పక్కనే కూర్చుని, స్క్రీన్ చూపిస్తూ, ఎందుకు చేస్తున్నామో నిదానంగా చెప్పాడు. ఆ తాతే లేచి మిగతా బోర్లు చూపించడానికి ముందు నడిచాడు. వాళ్లను చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. స్కూల్లో టీచరు పక్కన ఉండగా ఒక గంట ఫోన్ పట్టుకుంటే ఇంత గొడవ చేస్తున్నామే, రాత్రి పదకొండు దాకా రీల్స్ చూసి, పొద్దున మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చే పిల్లలకు ఆ ఫోన్ ఎవరిస్తున్నారు? అన్నం తినడానికి ఫోన్, ఏడుపు ఆపడానికి ఫోన్, మీరు సీరియల్ చూసుకోవడానికి వాళ్లకు ఫోన్. దయచేసి తొమ్మిదిన్నర తర్వాత దాన్ని మీ దగ్గర పెట్టుకోండి. అలాగే ఆడపిల్లల ముఖాలు కనిపించే ఫోటోను, అదేమిటో కనుక్కోకుండానే పది గ్రూపులకు పంపడం కూడా మానాలని ప్రేమతోనే చెబుతున్నాను. సందేహం వస్తే ముందు నాకు ఫోన్ చేయండి.

పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, చూసి సంతకం పెట్టండి. బస్సు ఫీజు బాకీలు ఈ నెలాఖరులోగా కట్టేయండి. నీళ్ల బాటిల్ ఇంటి నుంచే పంపండి.

వచ్చే శనివారం రెండో పల్లెకు వెళ్తున్నాం. అనుమతి పత్రం రేపు పిల్లలతో పంపుతాను, ఇష్టం లేనివాళ్లు లేదని రాసేయండి, ఆ పిల్లలు స్కూల్లోనే ఉండి మ్యాపు పని చేస్తారు. తోడు రాగలిగిన తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు వస్తే నాకు చాలా సాయం. మీ పొలంలో గానీ, మీ అత్తగారి ఊళ్లో గానీ మూత లేని బోరు ఉంటే అదే పత్రం వెనక ఊరు, పొలం గుర్తులు రాసి పంపండి. వాటిని మా జాబితాలో చేర్చుకుంటాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు