ఇంటికి పవర్ మిషన్ కొనేవారికి: మా షాపులో మారినవి

విజయనగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి వైపు ఇళ్లలో కుడుతున్న అక్కచెల్లెళ్లకు, టైలర్ అన్నలకు నమస్కారం.

ఇన్నాళ్లూ మేం పవర్ మిషన్ (మోటారుతో నడిచే పెద్ద కుట్టుమిషన్) దించి, నాలుగు కుట్లు వేసి చూపించి వచ్చేసేవాళ్లం. అది చాలదు. తర్వాత వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం మిషన్ లోపాలు కావు, మేం చెప్పకుండా వదిలేసినవే. ఇకనుంచి బిగించే రోజు రెండు గంటలు మీ ఇంట్లోనే ఉంటాం.

ఇళ్లకు క్లచ్ మోటారు అమ్మడం ఆపేశాం. ధర తక్కువే గానీ, స్విచ్ వేసినంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది. కరెంటూ పోతుంది, హోరూ ఆగదు. సర్వో మోటారు పెడల్ తొక్కితేనే తిరుగుతుంది, వేగానికి హద్దు కూడా పెట్టుకోవచ్చు. మోడల్ పేరు చివర 'హెచ్' ఉన్న హెడ్డు (బల్ల మీద కూర్చునే కుట్టే భాగం) జీన్సుకి, బ్యాగులకి. ధర ఎక్కువని అదే మంచిదనుకోకండి. జాకెట్లు, పొందూరు ఖద్దరు లాంటి పల్చటి బట్టలు, వాటిని ముందుకు జరిపే దాని పెద్ద పళ్ల వల్ల ముడతలు పడతాయి. వాటికి మామూలు హెడ్డు, 11 నంబరు సూది చాలు.

అన్నిటికన్నా ముఖ్యం ఆయిలు. కొత్త హెడ్డు ఆయిలు లేకుండా వస్తుంది. కింది ట్రేలో రెండు గీతల మధ్యకు వచ్చేదాకా తెల్లటి మిషన్ ఆయిలే పోయాలి. కొబ్బరినూనె జిగురు కడుతుంది, బండి ఆయిలు బట్టకు మరక పెడుతుంది. మిషన్ తిరుగుతుంటే పైనున్న అద్దంలో ఆయిలు చిమ్మడం కనబడాలి. కనబడకపోతే వెంటనే ఆపండి. చక్రం ఎప్పుడూ మీవైపుకే తిరగాలి. ఇంట్లో వచ్చే చిక్కు ఇంకోటుంది: ఎప్పుడూ నెమ్మదిగానే కుడితే పంపు ఆయిలును పైకి సరిగా తోయలేదు. అందుకని వారానికోసారి దారం, బాబిన్ తీసి, ఫుట్టు (బట్టను పైనుంచి నొక్కి పట్టే పాదం) ఎత్తి, రెండు నిమిషాలు కాస్త వేగంగా తిప్పండి. ఫుట్టు దించి తిప్పితే పళ్లు దానికి రాసుకుని అరుగుతాయి. మొదటి నెల మాత్రం నిమిషానికి 3000 కుట్లు దాటనివ్వకండి.

ఎర్తింగు లేని ఇంట్లో ఇకపై మిషన్ ఆన్ చేయం. హెడ్డు ముట్టుకుంటే జిమ్మంటోందన్న ఫిర్యాదుకు తరచూ కారణం అదే. మోటారును నడిపే కంట్రోల్ బాక్సులోంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటుకు నేలలోకి దారి ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్ చేత చూపించి మాకు చెప్పండి. మెట్లు, తలుపు కొలత కూడా చెప్పండి. బల్ల దాదాపు నాలుగడుగులు, హెడ్డే ముప్పై కిలోలకు దగ్గర.

సూది డీబీ రకం, గుండ్రటి కాడది. పొడవాటి గాడి మీ ఎడమవైపు, నొక్కు కుడివైపు ఉండాలి. కొంచెం తిరిగినా కుట్టు తప్పుతుంది. బట్ట కింద దారం ముద్దకడితే బాబిన్ కేసు స్క్రూ తిప్పకండి. పై దారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్య కూర్చోకపోయినా అలాగే ముద్దకడుతుంది. ఫుట్టు ఎత్తి మళ్లీ ఎక్కించండి.

సిరిమానోత్సవం ముందు వారంలో కొత్త మిషన్లు బిగించం. అప్పుడు రెండు గంటలు ఇవ్వడం మావల్ల కాదు. పండగలోపు కావాలంటే పండక్కి పదిహేను రోజుల ముందే చెప్పండి.

ఏదైనా తేడా వస్తే పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం వేసి జానెడు కుట్టి, బట్ట రెండు వైపులా ఫొటో పంపండి. తప్పు పై దారానిదో కింది దారానిదో చాలాసార్లు ఆ ఫొటోలోనే తెలుస్తుంది.