కండకు తికమక అక్కర్లేదు, చిట్టీ

టంగుటూరు
ఆదివారం

చిట్టీ,

నాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో "జిమ్‌లో చేరి ఆర్నెల్లయింది, ఒళ్లు నొప్పులే కానీ ఎత్తే బరువు పెరగట్లేదు" అని దిగులుపడ్డావు. ఏం చేస్తున్నావో చెప్పమంటే ఒక వారం స్క్వాట్, మరుసటి వారం లెగ్ ప్రెస్, ఆ పై వారం లంజెస్ అని వారానికో కాళ్ల కసరత్తు చదివావు. కండకు అలవాటైపోతే పెరగదట, ఎప్పటికప్పుడు తికమకపెట్టాలని మీ ట్రైనర్ చెప్పాడట. సిగ్నల్ సరిగా లేక నేను సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను.

కండ తికమకపడదమ్మా. తన మీద ఎంత బరువు పడింది, ఎన్నిసార్లు పడింది, అదే దానికి లెక్క. కొత్త కసరత్తు మొదలెట్టిన కొన్ని వారాలు బరువు గబగబా పెరుగుతుంది చూడు, అదంతా కండ పెరిగి కాదు. ఏ కండను ఎప్పుడు బిగించాలో నరాలు నేర్చుకుంటున్నాయి. ఆ నేర్పు కుదిరాకే కండకు సరైన పని పడుతుంది. నువ్వు అది కుదిరేలోపే కసరత్తు మార్చేస్తున్నావు. ప్రతి సోమవారం మళ్లీ ఓనమాలు దిద్దుతున్నట్టుంది.

మర్నాడు వచ్చే నొప్పిని చూసి మోసపోకు. అలవాటు లేని పని చేస్తే ఎవరికైనా వస్తుంది. ఏడాదికోసారి మిరపకాయల కోతకు దిగితే మీ అమ్మకు రెండు రోజులు తొడలు పట్టేస్తాయి. రోజూ కోసేవాళ్లు సాయంత్రం మామూలుగా నడిచి ఇంటికి పోతారు. బలం ఎవరిదో నువ్వే చెప్పు.

తాతయ్య ఒంగోలు గిత్తలను బండలాగుడు పందేలకు తయారుచేసేవాడు. గిత్తల ఈడు పళ్లను బట్టే లెక్క. పాలపళ్ల గిత్తలకు తేలిక బండ, రెండు పళ్లు వచ్చాక ఇంకాస్త బరువు, ఆరు పళ్లకు ఇంకా పెద్దది. కాడి అదే, లాగుడు అదే, మారేది బండ ఒక్కటే. బండ కదిలే ముందు రెండూ మెడలు వంచి, గిట్టలు నేలలోకి దిగేసి, ఒక్క క్షణం అలాగే బిగిసి నిలబడేవి. జోడీ రెండూ ఒకేసారి అలా బిగవడం నేర్చుకోవడానికే నెలలు పట్టేది. తాతయ్య తొందరపడేవాడు కాదు.

నువ్వు పుట్టిన కొత్తలో, 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ పోటీలో ఉండేవి ఆ రెండు ఎత్తులే తల్లీ. ఏళ్ల తరబడి వాటినే పట్టుకోవాలి.

అందుకని స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, ఈ నాలుగు పెద్ద కసరత్తులనూ 8 నుంచి 12 వారాలు మార్చకు. అవసరమైతే రెప్స్, అంటే ఒక విడతలో ఎన్నిసార్లు ఎత్తాలో ఆ లెక్క, మార్చు, కొన్ని వారాలు 5, తర్వాత 8 లేదా 10. చేతులకు, పిక్కలకు చేసే చిన్నవి నెలకో నెలన్నరకో మార్చుకో. విసుగొచ్చి మార్చినా తప్పు లేదు.

రెండు మూడు వారాలు వరసగా బరువూ పెరగక, రెప్సూ పెరగకపోతే ముందు నిద్ర, తిండి చూసుకో. ఒక వారం బరువు తగ్గించి తేలిగ్గా చెయ్యి. అప్పటికీ కదలకపోతే స్క్వాట్ బదులు, రాడ్డు భుజాల ముందు పెట్టుకుని చేసే ఫ్రంట్ స్క్వాట్ లాగా దగ్గరి దానికి మారు, మరీ దూరం పోవద్దు.

కీలు నొప్పి వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఓర్చుకోకు, ఆ కసరత్తు వెంటనే మార్చెయ్యి. కాలేజీ రోజుల్లో ఒంగోలు జిమ్‌లో మెడ వెనక నుంచి రాడ్డు ఎత్తేవాణ్ణి. భుజంలో సూది గుచ్చినట్టుండేది. అక్కడి మాస్టారు "అదే పోతుంది, ఎత్తు" అన్నాడు. మూడు నెలలు ఓర్చుకున్నాను. ఇప్పటికీ ఎడమ చేత్తో అటక మీది బిందె అందుకోలేను. కండ నొప్పి, కీలు నొప్పి ఒకటి కాదని నాకప్పుడు చెప్పినవాళ్లు లేరు. నీకు నేనున్నాను.

వేరుశనగ ఉండలతో పాటు 200 పేజీల నోటు పుస్తకం పంపుతున్నాను. తేదీ, కసరత్తు, బరువు, రెప్స్ అని మొదటి పేజీలో గళ్లు గీశాను. సోమవారం స్క్వాట్ ఎంత చేశావో అందులో రాసి, రాత్రికి ఫోన్ చెయ్యి.

నాన్న