అక్షరం విరిగితే ఎవరికి చెప్పాలి? మంత్రి గారికి ఓ బహిరంగ లేఖ

ప్రభుత్వ ప్రచురణలూ ఐటీ వ్యవహారాలూ చూసే మంత్రి గారికి,

నమస్కారం. నేను టైప్‌సెట్టింగ్ చేసేవాణ్ణి. పుస్తకాలు, నివేదికలు, ఫారాలు, ఏది వచ్చినా పేజీలు కట్టి పీడీఎఫ్ చేసి ఇవ్వడం నా రోజువారీ పని. ఈ మధ్య ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి నాకో ఉత్తరం వచ్చింది. పైన రిఫరెన్స్ నంబరు, కింద సంతకం, మధ్యలో ఒకటే వాక్యం: "నివేదికలో అక్షరములు విరిగిపోవుచున్నవి, కావున తక్షణమే సరిచేయవలసినదిగా కోరడమైనది." దానికి జతగా ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి పెట్టారు. కంప్యూటర్ తెర మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడింది, విరిగిందన్న అక్షరం సరిగ్గా ఆ మెరుపు కిందే ఉంది.

నవ్వొచ్చింది గానీ రాసినాయన మీద నాకేం కోపం లేదండీ. ఫ్యాను తిరక్కపోయినా, కుర్చీ కాలు విరిగినా ఆఫీసులో అలాగే రాస్తారు, పని జరుగుతుంది కూడా, ఎందుకంటే బాగుచేయడానికి వచ్చినవాడికి విరిగిన కుర్చీ ఎదురుగా కనబడుతుంది. సాఫ్ట్‌వేర్ రాసినాయన ఎక్కడో ఉంటాడు. ఆయన మెషీన్లో మీ అక్షరం శుభ్రంగా కనబడుతూ ఉంటుంది. అదే తప్పు ఆయన కళ్ల ముందు కూడా జరిగేలా చేయగలిగితేనే దాన్ని బగ్ రిపోర్టు అంటాం. మీ కార్యాలయాల్లో ఈ ఒక్క సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు, నా బాధంతా అదే.

ఆ ఉత్తరం సంగతి చివరికి ఏమైందో చెబుతాను. నివేదిక 180 పేజీలు, జీలేటెక్‌లో (పేజీలు కట్టే లేటెక్ అనే ప్రోగ్రాంలో ఒక రకం) చేసింది. ఫోన్ చేసి అడిగితే "అక్కడక్కడా విరుగుతోందండీ" అన్నారు. ఆ అక్కడక్కడా ఎక్కడో తెలియాలి కదా. ఫైలు తెప్పించుకుని కాపీ తీసి, సగం తీసేశాను. తప్పు ఇంకా ఉంది. మిగిలినదాంట్లో మళ్లీ సగం తీసేశాను. తప్పు మాయమైంది, అంటే తీసేసిన సగంలో ఉందన్నమాట, వెనక్కి పెట్టి ఇటు సగం తీసేశాను. ఇలా ఎనిమిదిసార్లు చేస్తే 180 పేజీలు ఒక్క పేజీకి వస్తాయి, టీ తాగినంతసేపు కూడా పట్టదు. ఆ పేజీలో ఒక పట్టిక, దాని శీర్షిక వరసలో "శ్రీ". మామూలు పేరాలో పెడితే చక్కగా ఉన్న శ్రీ, శీర్షిక వరసలోకి రాగానే శ కి పొల్లు, పక్కన విడిగా రీ. అక్కణ్ణుంచి కోస్తూ పోతే ఏడు లైన్ల ఫైలు మిగిలింది. ఏడు లైన్లు అయ్యాక ఇక దాక్కోవడానికి చోటెక్కడుంది? పట్టిక శీర్షికకి వేరే ఫాంట్ పెట్టిన టెంప్లేట్‌లో "స్క్రిప్ట్ తెలుగు", అంటే లిపి తెలుగు, అని చెప్పడం మరిచిపోయారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పే లేదు. తక్షణమే సరిచేయమని ఎవరికి రాసినా సరిచేసేది ఏమీ లేదు.

నా అనుభవంలో బగ్గులని వచ్చేవాటిలో చాలా భాగం ఇలాగే తేలతాయి. మిగిలినవి నిజమైన బగ్గులు. వాటికి వచ్చే చిక్కు వేరు: తప్పు ఎవరిది? ఒక్క తెలుగు అక్షరం కాగితం మీదికి రావాలంటే నాలుగైదు చేతులు మారాలి. టైపు చేసిన కోడ్ల వరస ఒకటి. ఏ గుర్తు ఎలా ఉంటుందో, ఏది దేనితో కలుస్తుందో చెప్పే ఫాంట్ ఒకటి. ఆ వరసని చదివి ఫాంట్‌లోంచి సరైన రూపాలు ఎంచి పేర్చే షేపింగ్ ఇంజిన్ మరొకటి, అంటే హార్ఫ్‌బజ్ లాంటిది. పేరా విరిచి పేజీ కట్టే ప్రోగ్రాం ఒకటి. చివర్న పీడీఎఫ్‌ని చూపించేదో ప్రింట్ చేసేదో ఒకటి. క్రావడి (ర వత్తు) జారితే ఈ ఐదుగురిలో ఎవరి గుమ్మం తొక్కాలి?

దీనికి ఇంజినీరు కానక్కర్లేదు. అదే ఫాంట్‌తో అదే ముక్కని ఇంకో ప్రోగ్రాంలో పెట్టి చూడండి. అక్కడ బాగుంటే ముందుగా ఫాంట్‌ని అనుమానించక్కర్లేదు. ప్రోగ్రాం మార్చకుండా ఫాంట్ మార్చి చూడండి. బాగుపడితే ముందు రాయాల్సింది ఫాంట్ చేసినవాళ్లకి. హార్ఫ్‌బజ్‌తో పాటు హెచ్‌బీ-వ్యూ అని చిన్న పనిముట్టు వస్తుంది, ఫాంటూ పదమూ ఇస్తే పేజీ గొడవ లేకుండా అక్షరాల్ని మాత్రం పేర్చి చూపిస్తుంది, అందులోనూ విరిగితే మీ పేజీ ప్రోగ్రాంని తిట్టడం దండగ. తెర మీద బాగుండి ప్రింటులో పోయిందా, అది చివరివాడి పని. తెర మీదా ప్రింటులోనూ బాగుండి, పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే చెత్త వస్తోందా, అది మళ్లీ వేరే రోగం, దాన్ని "అక్షరాలు విరిగాయి" అనే రిపోర్టులో కలిపేయకండి. రెండు తప్పులకి రెండు రిపోర్టులు.

మీరు గమనించాల్సింది ఇంకోటుంది. హార్ఫ్‌బజ్ ఒక్క లేటెక్‌లోనే లేదు, ఆండ్రాయిడ్‌లో ఉంది, క్రోమ్‌లో ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో ఉంది, లిబ్రేఆఫీస్‌లో ఉంది. లేటెక్ పనిముట్లన్నీ కలిపి ఇచ్చే టెక్ లైవ్ 2020 నుంచి, లేటెక్‌లోనే ఇంకో రకమైన లువాలేటెక్‌లో కూడా దాన్ని వాడుకునే వీలుంది. హార్ఫ్‌బజ్‌లో ఒక తప్పు సరిగ్గా చెప్పి సరిచేయిస్తే ఎన్ని ఫోన్లలో, ఎన్ని కంప్యూటర్లలో తెలుగు బాగుపడుతుందో ఆలోచించండి. మీ కార్యాలయాలు మాత్రం కాంట్రాక్టరుకి చెబుతాయి, ఆయన ఆ అక్షరాన్ని బొమ్మగా చేసి అతికించి బిల్లు పెడతాడు. మళ్లీ ఏడాది అదే అక్షరం, అదే బొమ్మ, అదే బిల్లు.

ఫొటో ఎందుకు సరిపోదో కూడా చెప్పాలి. తెలుగులో కంటికి కనబడని అక్షరాలున్నాయి. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ కీ వే కీ మధ్య కనబడకుండా ఒక కోడ్ కూర్చుంటుంది, యూనికోడ్‌లో 200సి, అది లేకపోతే వ వెళ్లి ముందున్న అక్షరాలకి వత్తై కూర్చుంటుంది. ఫొటోలో దాన్ని ఎవరు చూస్తారు? 2018 ఫిబ్రవరిలో గుర్తుందా, ఒక్క తెలుగు అక్షరం అందిన ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి? అందులో జ్ఞ తర్వాత ఈ కనబడని కోడే ఉంది, ఆ తర్వాత దీర్ఘం. మామూలుగా "జ్ఞాపకం" అని రాసుకుంటే ఏమీ అయ్యేది కాదు. ఆ వరస ఉన్నదున్నట్టు చేతులు మారింది కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ తప్పుని మళ్లీ పుట్టించగలిగారు, ఐఓఎస్ 11.2.6 తో ఆ నెలలోనే సరిచేశారు. అందుకే విరిగిన మాటని టెక్స్ట్‌గానే పంపాలి, ఫైలుగా పంపితే ఇంకా మంచిది. ఫొటో కూడా పెట్టండి, తప్పు లేదు, కానీ పక్కన ఇంకో బొమ్మ కావాలి: ఎలా రావాలో అది. చదివే ఆయనకి తెలుగు రాదు. "క్రావడి తప్పుగా ఉంది" అంటే ఆయనకి ఏమీ తెలియదు. "ఈ గుర్తు ఎడమ వైపు నుంచి అక్షరాన్ని చుట్టుకుని రావాలి, ఇక్కడ విడిపోయి కుడి పక్కన పడింది" అంటే అర్థమవుతుంది.

మీ వాళ్ల భయం నాకు తెలుసు. లబ్ధిదారుల జాబితా బయటికి పంపితే ఉద్యోగం పోతుంది. పంపకూడదు కూడా, పేర్లూ నంబర్లూ తీసేయాల్సిందే. కాకపోతే అన్నీ తీసేసి "అమ్మ, ఆవు" అని నింపితే బగ్ కూడా వాటితోపాటే పోతుంది, అవతలివాళ్లు "ఇక్కడ బాగానే వస్తోందే" అంటారు. ఏ అక్షరాల కలయికలో విరుగుతోందో దాన్ని ఉంచి మిగతాది మార్చాలి, మార్చాక ఇంకా విరుగుతోందో లేదో ఒకసారి నడిపి చూసుకోవాలి. ఈ ఆఖరి మెట్టు ఎవరూ ఎక్కరు.

వెర్షన్ సంగతి ఒక్క ముక్కలో: రాయండి. లేటెక్ నడిచినప్పుడు రాసుకునే లాగ్ ఫైలులో మొదటి కొన్ని లైన్లలోనే ఉంటుంది, ఆ ఫైలు మొత్తం జతచేస్తే సరి. దానికంటే ముందు కొత్త వెర్షన్‌లో ఒకసారి చూడండి, ఏళ్ల క్రితం సరిచేసిన తప్పుని పాత మెషీన్ మీద కూర్చుని ఇవాళ రిపోర్టు చేయడం నేనే ఎన్నోసార్లు చూశాను. లేటెక్ వాళ్లయితే నమూనా ఫైలు మొదట్లోనే లేటెక్‌బగ్ అనే ప్యాకేజీని పెట్టమంటారు. మీ నమూనాలో వేరేవాళ్ల ప్యాకేజీలు ఉంటే, మాకు కాదు వాళ్లకి చెప్పండి అని అదే హెచ్చరిస్తుంది.

ఇక ఆ "తక్షణమే" అన్న మాట. ఈ పనిముట్లలో చాలావాటిని రాసేవాళ్లు మీ కింద ఉద్యోగులు కారు, చాలామంది తమ తీరిక సమయంలో ఉచితంగా చేస్తున్నవాళ్లు. ఆదేశిస్తే పక్కన పెడతారు. పక్కాగా ఏడు లైన్ల నమూనా ఇస్తే మాత్రం రాత్రికి రాత్రి సరిచేసినవాళ్లనీ చూశాను. లేటెక్‌కి పునాది అయిన టెక్‌ని 1978లో తయారుచేసిన డొనాల్డ్ క్నూత్ అయితే తన ప్రోగ్రాంలో తప్పు పట్టినవాళ్లకి 2.56 డాలర్లతో మొదలుపెట్టి చెక్కులు రాసిచ్చేవాడు. 256 పెన్నీలు ఒక హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతి) డాలరు అని ఆయన లెక్క. చాలామంది ఆ చెక్కుల్ని మార్చుకోకుండా దాచుకున్నారు. తన తప్పుల చిట్టా కూడా ఆయనే రాసుకుని 1989లో అచ్చు వేశాడు. మన కార్యాలయాల్లో తప్పు చూపించినవాడికి మెమో రాకుండా ఉంటే అదే పదివేలు.

అందుకే అడుగుతున్నాను. కొత్త పోర్టల్ వద్దు, హెల్ప్‌లైన్ నంబరు అసలే వద్దు. మీ డీటీపీ ఆపరేటర్లు, పై అధికారి అనుమతి కోసం ఫైలు నడపకుండా, వ్యక్తిగత వివరాలు లేని నమూనాతో, ఫాంట్ చేసినవాళ్లకైనా సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకైనా తమ పేరుతోనే నేరుగా రిపోర్టు పంపవచ్చు అని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. అందుకు పట్టే గంటా రెండు గంటలు డ్యూటీ కిందే లెక్కవేయండి. కాంట్రాక్టుల్లో ఒక షరతు చేర్చండి: అక్షరాన్ని బొమ్మగా అతికించి సర్దుకుంటే, ఆ తప్పుని ఎక్కడ రిపోర్టు చేశారో చూపించాకే బిల్లు పాసవ్వాలి.

ఒక చిన్న మనవి. ఆ సర్క్యులర్‌ని దయచేసి ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి పెట్టకండి. టెక్స్ట్ ఉన్న పీడీఎఫ్‌గానే విడుదల చేయండి. అందులో ఏ శ్రీ అయినా విరిగితే నమూనా కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

ఇట్లు,
పేజీలు కట్టే ఒకడు