గోడల మీది వైద్యం

సంపాదకులకు,

నగరంలో మెట్రో స్తంభాలకూ సిటీ బస్సు సీట్లకూ అంటించే ‘గుప్త రోగాల’ ప్రకటనలు చూసి కుర్రాళ్లు అనవసరంగా బెదిరిపోతున్నారు. నూరు చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యమట! వీర్యంలో సుమారు మూడింట రెండు వంతులు శుక్రాశయాలనే గ్రంథుల స్రావం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రొస్టేట్ గ్రంథిది. శుక్రకణాల వాటా 5 శాతం లోపే. అందుకే వేసెక్టమీ (శుక్రకణాలు వచ్చే గొట్టమైన శుక్రవాహికను కత్తిరించే, మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) అయ్యాక కూడా వీర్యం పరిమాణంలో తేడా తెలియదు. ఆ ఆపరేషన్‌తో మగతనం పోతుందన్నదీ అపోహే. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ శుక్రవాహిక గుండా కాదు, నేరుగా రక్తంలోకి వెళ్తుంది.

వృషణాలు పొట్ట బయట ఉండటానికీ కారణముంది. శుక్రకణాలు తయారవడానికి ఒంటి వేడికన్నా 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ కావాలి. ఆ తయారీకి రెండు నెలలకు పైగా పడుతుంది. ఆపై వృషణాన్ని ఆనుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టంలో మరికొన్ని రోజులుంటే గానీ వాటికి ఈదే శక్తి రాదు. మరి ‘వారంలో గుణం’ అని ఆ ప్రకటనలవాళ్లు అమ్మే మందు పొట్లం దేనిమీద పనిచేస్తుందో!

పిల్లలు పుట్టకపోతే ఇప్పటికీ ముందు కోడలినే పరీక్షలకు తిప్పుతారు. అబ్బాయికి చేసే వీర్యపరీక్ష అంతకన్నా సులువు.

పదో తరగతి జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం ఉంది. ‘ఇంట్లో చదువుకోండి’ అని దాటేయకుండా మాస్టార్లు తరగతిలోనే చెప్పాలి. ఆ పోస్టర్లను అధికారులు పీకించాలి.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లకుంట, హైదరాబాద్